మధ్యలో పడ్డ బంతి

సాఫ్ట్‌బాల్ అంటే మెత్తగా ఉంటుందనుకున్నాను. మా మేనకోడలు మొదటిసారి ఆ బంతిని ఇంటికి తెచ్చినప్పుడు చేత్తో నొక్కి చూస్తే కొబ్బరికాయంత గట్టిగా ఉంది. ఇది తగిలితే పళ్ళు రాలిపోతాయి కదే అన్నాను. "తగలకుండా పట్టుకోవాలత్తా" అంది. అప్పట్నుంచి ఆ ఆటంటే నాకు భయమూ ఉంది, కోపమూ ఉంది. అయినా కిందటేడు అమలాపురంలో కాలేజీల టోర్నమెంటు ఆఖరి రోజు ఆదివారం పడితే, కుట్టాల్సిన జాకెట్లు మిషను మీదే పడేసి, గారెలు, కోడికూర డబ్బాల్లో సర్దుకుని, ముమ్మిడివరంలో పొద్దున్నే బస్సెక్కేశాను. ఆరాధన మానేశాను కూడా. దేవుడు ఏమీ అనుకోడు గానీ మా పాస్టరమ్మగారు అనుకుంటారు. అనుకోనీ అనుకున్నాను.

ఆ పిల్ల మా తమ్ముడి కూతురు. వాడు పోయాక వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. పిల్ల మా ఇంట్లో పెరిగింది. నాకిద్దరు మగపిల్లలు, ఇద్దరివీ పెద్ద నోళ్ళే. ఫ్యాను కింద చోటు దగ్గర్నుంచి కూరలో కాలు ముక్క దాకా ప్రతిదానికీ కొట్టుకు చచ్చేవారు. ఇది మాత్రం వాళ్ళు తీసుకోగా ఏది మిగిలితే అది తీసుకునేది. నీకేం కావాలే అని అడిగితే "ఏదైనా పర్లేదత్తా" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఏమిటే ఈ వేషాలు అని తిట్టేదాన్ని. తిడితే నవ్వి ఊరుకునేది.

మైదానం ఒక పక్క కాలవ, మిగతా మూడు పక్కలా కొబ్బరిచెట్లు. బంతి అడ్డంగా ఎగిరి కాలవలో పడ్డప్పుడల్లా ఆట ఆపి, పొడుగాటి కర్రతో దాన్ని ఒడ్డుకి లాగేవారు. షామియానా కింద నా పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్నాయట. వాళ్ళమ్మాయి మా జట్టు కెప్టెను, ఆఖరి సంవత్సరం చదువుతోంది. మా పిల్లకి పుస్తకాలిచ్చిందీ, బంతి పట్టడం నేర్పిందీ ఆ అమ్మాయే. అక్కా అక్కా అంటూ మా పిల్ల ఆ అమ్మాయి వెనకే తిరుగుతుంది. మైదానంలో కూడా అంతే. ముందు వరసలో అక్క, ఆమె వెనక దూరంగా, ఎడమ పక్క చివర మా పిల్ల.

పొద్దున సెమీఫైనల్లో బంతొకటి ఆకాశమెత్తు లేచి సరిగ్గా ఇద్దరి మధ్యకీ వచ్చింది. అక్క వెనక్కి పరిగెత్తింది, మా పిల్ల ముందుకి పరిగెత్తింది. ఇద్దరూ దగ్గరికొచ్చి ఒక్కసారే ఆగిపోయారు. "నువ్వు తీసుకోక్కా" అంది ఇది. "పర్లేదు, నువ్వు తీసుకోమ్మా" అంది ఆ అమ్మాయి. బంతి ఇద్దరి మధ్యా నేల మీద పడింది. అవతలి జట్టు పిల్లలు ఒక పక్క నవ్వుతూనే ఇంకో పక్క రన్ను తీసేశారు.

"తప్పు మా అమ్మాయిదేనండి, పెద్దది కదా" అన్నారు నా పక్కాయన.

"అబ్బే, మా పిల్లదేనండి" అన్నాను నేను.

"అలా అనకండి, మాదేనండి" అన్నారాయన మళ్ళీ. అప్పుడు నాకు నా మీదే చిరాకేసింది. మేమే ఇలా ఉంటే వాళ్ళకి మొహమాటం ఇంకెలా పోతుంది?

ఎలాగో ఆ మ్యాచి గట్టెక్కింది. గట్టెక్కగానే వాళ్ళకి ఆట నేర్పే పీడీ మేడమ్ మా పిల్లని పక్కకి పిలిచారు. ఆవిడ గొంతు షామియానా దాకా వినబడింది. "ఇది పెళ్ళి భోజనం కాదు, మీరు తినండంటే మీరు తినండని మర్యాదలు చేసుకోడానికి! మధ్యలోకొచ్చిన బంతి నీది. నువ్వు దాన్ని చూస్తూ ముందుకొస్తావు, అక్క వెనక్కి పరిగెత్తాలి. 'నాది' అని నువ్వు అరిస్తే అక్క తప్పుకుంటుంది. అరవకపోతే ఇద్దరూ గుద్దుకుంటారు, లేదా బంతి పోతుంది. ఫైనల్లో ఇంకొక్కటి ఇలా వదిలేసేవంటే కూర్చోబెట్టేస్తాను. వచ్చే ఏడాది జట్టులో కూడా ఉండవు. తెలిసిందా?"

"ఆయ్" అంది మా పిల్ల తలొంచుకుని.

ఆ పిల్ల నోరు తెరిచి ఇది కావాలని అడిగింది ఏదైనా ఉందంటే ఈ ఆటే. బూట్లు కొనమని కూడా కాదు, ఆడుకోనివ్వమని అడిగింది అంతే. ఇది కూడా చేజారిపోతే దాని మొహం నేను చూడలేననిపించింది.

చెట్ల నీడన మేడమ్ బంతులు పైకి విసురుతూ ఇద్దరిచేతా అరిపించారు. "నాదక్కా... తీసుకోనా?" అంది మా పిల్ల. మేడమ్ తల పట్టుకున్నారు.

భోజనాల దగ్గర ఇద్దరినీ నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. గారెలన్నీ అయిపోయాయి, డబ్బాలో ఒక్కటి మిగిలింది. అక్క దాన్ని మా పిల్ల వైపు జరిపింది, మా పిల్ల అక్క వైపు జరిపింది. నాకింక ఆగలేదు. "డబ్బాలో గారె తీసుకోలేనోళ్ళు ఆకాశంలో బంతేం పడతారే!" అని కసిరి, ఆ గారె నేనే తినేశాను. పెద్దాయన పక్కకి తిరిగి నవ్వుకున్నారు.

ఫైనల్ కాకినాడ నుంచి వచ్చిన జట్టుతో. వాళ్ళు పొడుగాటి పిల్లలు, ఊపిరాడనివ్వకుండా కేకలేస్తారు. మావాళ్ళు కేకలు లేకుండానే ఆడారు గానీ బాగా ఆడారు. అక్క కొట్టిన ఒక బంతి కాలవ దాటి అవతలి గట్టున పడింది. పెద్దాయన లేచి నిలబడి, మళ్ళీ సిగ్గుపడి కూర్చున్నారు. చివరికి ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి మావాళ్ళది ఒక్క రన్ను ఎక్కువ. అవతలివాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నారు. ఇంకొక్కళ్ళు అవుటయితే కప్పు మాది. కానీ బేసుల మీద వాళ్ళ పిల్లలిద్దరు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. బంతి నేల మీద పడితే ఇద్దరూ వచ్చేస్తారు, రెండు రన్నులు, కప్పు వాళ్ళది.

"నేను చూడలేనండి, మీరు చెప్పండి" అని పెద్దాయన కాలవ వైపు తిరిగిపోయారు.

దెబ్బ గట్టిగానే తగిలింది గానీ బంతి దూరం పోకుండా పైకి లేచింది. ఎంత పైకంటే కొబ్బరిచెట్ల మొవ్వులు దాటిపోయింది. ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలిసిపోయింది. మళ్ళీ ఆ ఇద్దరి మధ్యకే. దేవుడా, ఇంత మైదానంలో నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా అనుకున్నాను. అక్క తలెత్తి చూస్తూ వెనక్కి పరిగెడుతోంది. మా పిల్ల ముందుకి పరిగెడుతోంది. ఇద్దరి గ్లోవులూ పైకే ఉన్నాయి. బేసుల మీది పిల్లలు అప్పుడే సగం దూరం వచ్చేశారు. "అరవ్వే!" అని నేను గొంతు చించుకున్నాను. ఆ గోలలో దానికి నా మాట వినబడి ఉండదు.

"నాది!"

ఆ గొంతు ఎవరిదో నేను పోల్చుకోలేకపోయాను. ఇన్నేళ్ళు నా చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల గొంతు నాకే తెలియలేదు. "నాది! నాది!" అని ఇంకో రెండుసార్లు వినబడింది. అక్క ఠక్కున వంగి పక్కకి తప్పుకుంది. మా పిల్ల నాలుగడుగుల్లో వచ్చి, మోకాళ్ళ మీద జారి, నేలకి జానెడెత్తులో ఆ బంతిని గ్లోవులో పట్టేసింది. అంపైరు అవుటని పిడికిలి ఎత్తాడు.

"ఏమయిందండీ?" అన్నారు పెద్దాయన ఇటు తిరక్కుండానే.

"పట్టేసిందండీ! మా పిల్ల పట్టేసింది!" అని అరిచి ఆయన భుజం పట్టుకు కుదిపేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఇద్దరం తాడు కింది నుంచి దూరి మైదానంలోకి పరిగెత్తాం. నా చెప్పొకటి ఎక్కడో ఊడిపోయింది. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా పడలేదు. ఉన్నమాటే చెబుతున్నాను, మా ఆయన చదివినా ఫరవాలేదు.

మేం వెళ్ళేసరికి జట్టంతా మా పిల్ల మీద కుప్పగా పడి లేస్తున్నారు. అది ఒళ్ళంతా మట్టితో నిలబడి, బంతిని గుండెలకి హత్తుకుని, అక్కతో అంటోంది:

"ఏమనుకోకక్కా. నీ మీద అరిచేసేను."

ఆ అమ్మాయికి కాలేజీలో అదే ఆఖరి ఆట. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఏమనుకోవడమేంటే! మళ్ళీ అను."

"ఏంటక్కా?"

"అదే. మళ్ళీ అను."

మా పిల్ల నా వైపు చూసింది. ఇంట్లో ఏదైనా తీసుకునే ముందు చూసే చూపే అది. నాకు ఏడుపొచ్చేసింది. "అనవే" అన్నాను.

పైన బంతి లేదు, పక్కన పోటీ లేదు. అయినా మైదానమంతా దద్దరిల్లేలా అరిచింది.

"నాది!"