పర్వతాలు రుమాలు ఎంతకు కొన్నాడు

హైదరాబాదు రాజ్యం ఎప్పుడు కలిసింది, జాగీర్లు ఎప్పుడు రద్దయ్యాయి, రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది అన్న తేదీలను బడిపిల్లల చేత వల్లె వేయిస్తారు. కొత్తకోట గొర్రెల దళారి పర్వతాలు తాను కొన్న ప్రతి వస్తువు ధరనూ మూడో వంతుకు తగ్గించి చెప్పడం ఏ సంవత్సరంలో మొదలుపెట్టాడన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. దీన్ని మన చరిత్రకారుల నిర్లక్ష్యంగానే భావించాలి. దొరికిన ఆధారాలను బట్టి ఈ అలవాటు అతని తొమ్మిదో ఏట ఒక బెల్లం ముక్కతో ప్రారంభమైంది. దాచుకున్న మూడణాలు పెట్టి బెల్లం కొని, ఇంటికి వచ్చి అణాకే తెచ్చానన్నాడు. తల్లి ఆ మాటను వాడంతా తిరిగి చెప్పుకుంది. తన కొడుకు ఎప్పటికైనా దళారి అవుతాడని ఆమె ఆనాడే నిశ్చయించుకుంది. బెల్లం రుచి ఆ పూటతో పోయింది, మెప్పు రుచి మాత్రం నలభై ఏళ్లు నిలిచింది.

ఆ తర్వాత తొమ్మిది రూపాయల చెప్పులు మూడు రూపాయలయ్యాయి. పన్నెండు రూపాయల కందిలి లాంతరు నాలుగైంది. దీనివల్ల పర్వతాలుకు కీర్తితో పాటు కొంత నష్టం కూడా వచ్చేది. నాలుగు రూపాయల కందిలి తనకూ ఒకటి తెచ్చిపెట్టమని పక్కింటివాడు నాలుగు రూపాయలు చేతిలో పెట్టేవాడు. పర్వతాలు ఎనిమిది రూపాయలు కలిపి, కందిలి తెచ్చిచ్చి, దండం పెట్టించుకునేవాడు.

అయితే గొర్రెల దళారికి ఈ కీర్తి అవసరమే. వారం వారం జరిగే అంగడిలో బేరం పదిమందికీ వినపడేలా జరగదు. అమ్మేవాని తరఫు దళారి, కొనేవాని తరఫు దళారి ఒకే రుమాలు కింద కుడిచేతులు పెట్టి, వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎంతకు తెగిందో ఆ ఇద్దరికే తెలుసు. ఎంత చవకగా కొట్టుకొచ్చాడన్నది దళారి చెప్పుకుంటేనే లోకానికి తెలుస్తుంది. కొత్తకోట అంగడిలో అందరూ అంతో ఇంతో తగ్గించి చెప్పుకునేవారే. పర్వతాలు నియమం తప్పకుండా మూడో వంతు చెప్పేవాడు, అంతే తేడా.

బేరానికి వాడేది నూలు రుమాలు. పట్టు రుమాలు సంగతి వేరు. గడీలలో దొరలు తలకు చుట్టుకున్న పట్టు రుమాళ్లు, జాగీర్లు పోయిన తర్వాత పెట్టెల్లోంచి ఒక్కొక్కటే బయటపడి, జీతం బదులుగా పనివాళ్ల చేతికీ, అక్కడి నుంచి అంగడికీ చేరసాగాయి. పర్వతాలుతో సహా కొత్తకోట దళారులు ఐదుగురికి ఆ రుమాళ్ల పిచ్చి పట్టింది. వాళ్లలో పెద్దవాడు గుర్వయ్య దగ్గర తొమ్మిది ఉండేవి. కాటమయ్య దగ్గర నాలుగు. వాటితో చెమట తుడిచినవాడు లేడు. పండగనాడు చుట్టుకుని, సాయంత్రానికి వేపాకు పెట్టి మడిచి, పెట్టెలో పెట్టేవారు. కట్టుకున్న భార్యను కసురుకుంటూనే రుమాలును మాత్రం రెండు చేతులతో ఎత్తేవారు.

పందొమ్మిది వందల యాభై నాలుగులో ఒక నెమలికంఠం రుమాలు నెల తిరక్కుండా ముగ్గురి చేతులు మారి, ఇరవై రూపాయల నుంచి తొంభై దాకా ఎగబాకింది. కర్రలు లేచాయి. ఒకరి చెవి చిరిగింది. అప్పుడు ఐదుగురూ గొర్రెల కాపరుల దేవుడైన బీరప్ప గుడిలో పసుపు ముట్టుకుని ఒక ధర్మం ఏర్పాటు చేసుకున్నారు. ఎవరు ఎంతకు కొన్నారో అంతకే అమ్మాలి, ఒక్క పైస లాభం చూసుకోరాదు. అమ్మదలిస్తే ముందు ఈ ఐదుగురిలోనే చూపాలి. తప్పినవాడి రుమాలు కింద అంగడిలో ఇక ఏ దళారీ చెయ్యి పెట్టడు. దళారికి ఆ చివరి మాట ఉరిశిక్ష కన్నా ఒక మెట్టు పైన. ఉరి తీసినవాణ్ణి మర్నాడు తిండి ఎట్లా అని ఎవరూ అడగరు.

యాభై ఏడులో పర్వతాలుకు జామపండు రంగు రుమాలు కంటపడింది. పాతికమైళ్ల అవతల ఒక పాత గడిలో వంట చేసి ముసలిదైపోయిన లక్ష్మీనర్సమ్మకు దొరసాని ఇచ్చిన బట్ట అది. నాలుగు మూలలా అసలు జరీ, మడిస్తే పిడికిట్లో పట్టేంత మెత్తన. ఆమె తొంభై అంది. పర్వతాలు ఎంత వేళ్లు పిసికినా తొంభై దిగలేదు. తొంభై ఇచ్చి తెచ్చి, అంగడిలో ముప్పై అని చెప్పాడు. కాటమయ్యకు ఆ పూట అన్నం సహించలేదట.

తొంభై రూపాయలు ఎక్కడివన్నది ఒక చిన్న విషయం. పర్వతాలు భార్య అండాలుకు పుట్టింటివాళ్లు ఇచ్చిన ఆడగొర్రెలు ఆరు ఉండేవి. వాటిని పదిహేను చొప్పున మరో ఊరి అంగడిలో అమ్మేసి, తోడేలు ఎత్తుకుపోయిందని ఆమెకు చెప్పాడు. ఆమె మూడు రోజులు ఏడ్చింది. ఊరి మగవాళ్లు కర్రలు పట్టుకుని గుట్టకు పోయి, నిజంగానే ఒక తోడేలును కొట్టి చంపారు. మొదటి దెబ్బ పర్వతాలే వేశాడు. ఆ తోడేలు విషయంలో న్యాయం ఇప్పటికీ జరగలేదు.

జామపండు రుమాలు వచ్చిన నాటి నుంచి గుర్వయ్యకు పర్వతాలు మంద ఆరోగ్యం మీద ఎనలేని శ్రద్ధ పుట్టింది. అంగడి అంగడికీ గొర్రెలు బాగున్నాయా అని అడిగేవాడు. బాగున్నాయంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు. కష్టమొస్తే తమ్ముడివి నాకు చెప్పకుండా ఉండొద్దని భుజం మీద చెయ్యి వేసేవాడు. ముప్పై రూపాయలు ఎనిమిదేళ్లు విడిగా మూటకట్టి ఉంచాడంటే ఆయన ప్రేమ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అరవై ఐదు వానాకాలంలో ఆ ప్రేమ ఫలించింది. తొలకరి గడ్డి మేసిన మందకు చిటుక రోగం తగిలింది. సాయంత్రం చెంగున ఎగిరిన గొర్రె తెల్లారేసరికి కట్టె. నలభైలో ముప్పై రెండు వారం రోజుల్లో పోయాయి. మిగిలిన ఎనిమిదీ ముసలివి, పొట్టేళ్లు. రెండు మూడు ఈనే గొర్రెలను తెచ్చుకుంటే మంద మళ్లీ మొదలవుతుంది. లేదంటే మొగుడూ పెళ్లాం పెద్ద రోడ్డు మీద మట్టితట్టలు మోయాలి. అండాలు అప్పటికే తట్ట బేరం చేసి వచ్చింది.

రోడ్డు పక్క హోటల్లో చాయ తాగుతున్న హైదరాబాదు సేటు ఒకడు రుమాలు చూసి రెండు వందలన్నాడు. పర్వతాలు వద్దన్నాడు. పసుపు ముట్టి చేసిన ప్రమాణం. అతను జన్మలో చేసిన నిజాయితీ పని ఇది ఒక్కటే కనుక తేదీతో సహా రాయవలసింది, కానీ తేదీ దొరకలేదు. రుమాలు చంకలో పెట్టుకుని గుర్వయ్య దగ్గరికి పోయాడు. ఆ అంగడినాడు పొద్దున్నే హోటల్ అరుగు మీద మిగతా నలుగురు దళారులూ కూర్చున్నారు. గుర్వయ్య ముప్పై రూపాయల మూట విప్పి ముందు పెట్టాడు.

పర్వతాలు మూట వైపు చూడకుండా, తాను తొంభైకి కొన్నానన్నాడు.

"ఎనిమిదేండ్ల సంది ముప్పై అని చెప్తున్నవు గద తమ్మీ" అన్నాడు గుర్వయ్య.

"గొప్పకు చెప్పిన అన్నా. పెట్టింది తొంభై."

"అప్పుడు గొప్పకు చెప్పినవు" అన్నాడు కాటమయ్య. "మరి ఇప్పుడు దేనికి చెప్తున్నవు?"

పర్వతాలు తన చెప్పుల ధర, కందిలి ధర, ఎద్దు ధర, ఒక్కొక్కటీ ఒప్పుకున్నాడు. అన్నీ మూడింతలు చేసి చూసుకోమన్నాడు. నలభై ఏళ్ల కీర్తి అరగంటలో అరుగు మీద కుప్పపోసుకున్నాడు. అంత చేసినా వాళ్లకు నమ్మకం కలగలేదు. అబద్ధం చెప్పానని చెప్పేవాడి మాట ఎట్లా నమ్మాలని కాటమయ్య న్యాయమైన సందేహమే వెలిబుచ్చాడు.

"అయితే అండాలును అడుగుండ్రి" అన్నాడు పర్వతాలు. "ఆమె పుట్టింటి గొర్రెలు ఆరు అమ్మి తెచ్చిన. ఒక్కోటి పదిహేను. ఆరు పదిహేన్లు ఎంతో మీరే చూడుండ్రి."

మొగుడికి సద్ది తెచ్చిన అండాలు అరుగు కిందే నిలబడి ఉంది. ఆశ మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందంటే, సాక్షిని పిలిచిన తర్వాత గానీ పర్వతాలుకు తోడేలు గుర్తుకు రాలేదు.

"ఏం చెల్లె, నిజమేనా?" అన్నాడు గుర్వయ్య.

ఆమె మొగుడి వైపే చూసింది.

"తోడేలు ఎత్తుకపోయిందని గద నాకు చెప్పినవు."

"ఆరింటినీ?" అన్నాడు కాటమయ్య.

"ఆరింటినీ. ఒక్క రాత్రిలనే. మూడు దినాలు నేను కూడు ముట్టలే."

అరుగంతా నవ్వింది. చాయ పోసేవాడు గిన్నె దించి మరీ నవ్వాడు. తోడేలుకు అంగడి దారి ఎవరు చూపారని ఒకడు, అది జరీ రుమాలు చుట్టుకుని పోయిందా అని ఇంకొకడు. ఆమె చెప్పింది సాక్ష్యంగా తీసుకోవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. గొర్రెలు అమ్మడం ఆమె చూడలేదు కనుక పనికిరాదని తేల్చారు. అక్కడ బయటపడ్డ నిజం పనికివచ్చింది ఆమె ఒక్కదానికే. సద్దిమూట అరుగు మీద పెట్టి, కాస్త దూరం జరిగి నిలబడింది.

గుర్వయ్య మాత్రం ధర్మాత్ముడు. రుమాలు అమ్మినామెను తీసుకొచ్చి ఆమె నోటితో తొంభై అనిపిస్తే తొంభయ్యే ఇస్తానని పదిమందిలో మాటిచ్చాడు. వచ్చే అంగడి దాకా గడువు పెట్టాడు.

పర్వతాలు ఒక పొట్టేలును అమ్మి, ఎడ్లబండి కిరాయికి మాట్లాడుకుని పాతికమైళ్లు పోయాడు. లక్ష్మీనర్సమ్మ బతికే ఉంది. చూపు మందగించింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. గుడిసెలో ఎవరూ లేని వేళ ఆమె, పదిరూపాయల నోట్లు తొమ్మిది ఇచ్చినవు బిడ్డా, ఒకదానికి మూల చినిగి ఉండె, నాకు యాదున్నది అంది. పర్వతాలు ఆమె కాళ్లు మొక్కాడు. బండి కట్టే సమయానికి ఆమె కొడుకు భిక్షం చెలక నుంచి వచ్చి, ముసలిదాన్ని ఒంటరిగా పంపనని తానూ ఎక్కి కూర్చున్నాడు. పర్వతాలు సంతోషించాడు. ఒకరికి ఇద్దరు సాక్షులు. దారి పొడవునా ఇద్దరికీ బొంగుపేలాలు కొనిపెట్టాడు.

తర్వాతి అంగడికి అరుగు ముందు మందికి మంది చేరారు. గుర్వయ్య ముసలామెను నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, కళ్లకు దగ్గరగా రుమాలు చూపించాడు.

"అవ్వా, దీన్ని గీ పర్వతాలుకు ఎంతకు అమ్మినవు? జర బీరప్ప మీద ఒట్టేసి చెప్పు."

ముసలామె రుమాలును వేళ్లతో తడిమింది. తర్వాత పక్కన కూర్చున్న కొడుకు వైపు మెడ తిప్పింది.

"ఇరవై, బిడ్డా" అంది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె కొడుక్కి చెప్పిన ధర అదే. ఇరవై అతని చేతిలో పెట్టి, డెబ్బై దాచి, కూతురికి వెండి కడియాలు చేయించింది. ఆ సంగతి తెలిస్తే భిక్షం ఆమెకు గుడిసెలో చోటివ్వడు. పర్వతాలుకు మూడు గొర్రెలు పోవడానికీ తనకు గూడు పోవడానికీ మధ్య ఆమె ఎక్కువసేపు తూకం వెయ్యలేదు.

"ఇరవయ్యే" అన్నాడు భిక్షం. "నేనే లెక్కబెట్టిన."

తనకు తెలిసినంతలో అతను నిజమే చెప్పాడు. ఆ అరుగు మీద ఆ రోజు నిజం పలికి నమ్మించినవాడు అతనొక్కడే.

"అవ్వా, మూల చినిగిన నోటు" అన్నాడు పర్వతాలు. ఆమెకు వినపడలేదు. ఆ ఉదయం దాకా ఆమెకు చెవులు బాగానే వినిపించేవి.

తీర్పు చెప్పడానికి గుర్వయ్యకు చాయ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇరవైకి కొన్న రుమాలును ఎనిమిదేళ్ల పాటు ముప్పై అని చెప్పుకున్నాడంటే, పదిరూపాయల లాభం మీద మొదటి నాటి నుంచే కన్నున్నట్టు. ఇప్పుడు తొంభై అన్నాడంటే ఆ కన్ను పెద్దదైనట్టు. పసుపు ముట్టిన మాట తప్పాడు. అంగడి మొత్తంలో ఏ ధరనైనా తగ్గించి చెప్పడమే తప్ప పెంచి చెప్పడం చేతకాని మనిషికి, ధర పెంచిన నేరం కింద శిక్ష పడింది. నలుగురూ తలలూపారు. కాటమయ్య రెండుసార్లు ఊపాడు.

గుర్వయ్య మూటలోంచి పది రూపాయలు తీసి తన జేబులో వేసుకుని, మిగిలిన ఇరవై పర్వతాలు చేతిలో పెట్టాడు. జామపండు రుమాలును నాలుగు మడతలు వేసి, కళ్లకద్దుకున్నాడు.

"ధరమంటే ధరమే తమ్మీ. రేపు నేను అమ్మినా గీ ఇరవైకే అమ్మాలె."

పర్వతాలు గొర్రెల వరుస దగ్గరికి నడిచాడు. ముప్పై ఏళ్లుగా తెలిసిన దళారి ఒకడు నూలు రుమాలు పరిచి బేరంలో ఉన్నాడు. పర్వతాలు చెయ్యి జాపాడు. దళారి రుమాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. పక్కవాడూ అంతే. మూడోవాడు తన రుమాలును ముందే ముడివేసుకున్నాడు. చెయ్యి అట్లాగే జాచి నిలబడ్డ మనిషిని దాటుకుని జనం తిరుగుతున్నారు.

అండాలు వెనకనే వచ్చింది. అతని రెండో చేతిలోంచి ఆ ఇరవై రూపాయలూ తీసుకుంది. ఆడవాళ్లు రుమాలు కింద చేతులు పెట్టే ఆచారం లేదు. కాబట్టి వరుస చివర కట్టేసిన ఒక ఈనే గొర్రెను చూపించి, ఎంత అని నోటితోనే అడిగింది.

అమ్మేవాడు చెప్పిన ధర ఇరవై ఎనిమిది రూపాయలు.