చివరి భాగం చదవని ఆదివారాలు

ఈ ఉదయం మా ఆయన ఒక పుస్తకం పూర్తి చేశారు. అట్ట మూసి, కళ్లద్దాలు దాని మీద పెట్టి, "జర బయటికి పోయొస్త" అంటూ చెప్పులు వెతుక్కున్నారు. పోయేది ఎంత దూరమని? ఖానాపురం హవేలిలో మా వీధి మలుపు దాకా, కొత్తిమీర కట్ట కోసం. అయినా నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "టీ తాగి పోండి" అన్నాను. "ఇప్పుడే గదా తాగింది" అన్నారు. "అయితే ఇంకో పుస్తకం మొదలుపెట్టి పోండి, ఒక్క పేజీ చాలు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, అలమారలో చేతికందిన పుస్తకం తీసి, నిలబడే ఒక పేజీ చదివి, అక్కడ కాగితం ముక్క పెట్టి వెళ్లారు. ఆయన గని ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఈ తంతు నడుస్తూనే ఉంది. చూసేవాళ్లకు పిచ్చిలా ఉంటుందని నాకూ తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మేం మణుగూరు అవతల, అడవి అంచున ఒక కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయనది బొగ్గు గనిలో, భూమి లోపల పని. అక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. 'బాయి దిగిండు', 'బాయి ఎక్కిండు' అనే రెండు మాటల మధ్య ఆడవాళ్ల బతుకు గడిచిపోయేది. నేను మధిర పిల్లను, రైలు కూతలు విని పెరిగినదాన్ని. రైలు పోయిందంటే ఎక్కడికి పోయిందో, తిరిగి ఎప్పుడొస్తుందో స్టేషన్లో బోర్డు మీద రాసి ఉంటుంది. ఆలస్యమైతే మైకులో చెప్పి క్షమించమని కూడా అడుగుతారు. బాయికి అలాంటి మర్యాదలేవీ లేవు. పైగా మా మామగారు, మా ఆయన చిన్నతనంలోనే, బాయిలో కప్పు కూలి పోయారు. పెద్దయ్యాక ఆ ఉద్యోగమే కొడుక్కి వచ్చింది. పెళ్లిచూపుల్లో మావాళ్లు 'పర్మనెంటు ఉద్యోగం' అని మురిసిపోయారు గాని, అది ఎలా వచ్చిందో నాకు కాపురానికి వచ్చాకే తెలిసింది. అప్పటి నుంచి కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడేదాన్ని. పక్క క్వార్టర్ ఆవిడ పిలిస్తే ముందు ఆమె మొహం చూసి, తర్వాత మాట వినేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒక్క ఆదివారం మాత్రం నాది. ఆ రోజు పనికి పోతే రెట్టింపు కూలి వస్తుందని చాలామంది పోయేవాళ్లు. మా ఆయన పోయేవారు కాదు, నేను పోనిచ్చేదాన్ని కాదు. పొద్దున అత్తమ్మ తెల్లచీర కట్టి చర్చికి పోయి, పాస్టరయ్య గొంతుతో సమానంగా పాటలు పాడి వచ్చేది. వానాకాలమైతే దారిలో అడవి పల్లెల ఆడవాళ్లు ఆకుల్లో కట్టి అమ్మే పుట్టగొడుగులు తెచ్చేది. బొగ్గుపొయ్యి మీద ఆ కూర ఉడుకుతుంటే ఇల్లంతా వానకు తడిసిన మట్టి వాసన. తిన్నాక వరండాలో నవారు మంచం మీద మా ఆయన వెల్లకిలా పడుకునేవారు. ఎంత తోమినా చెవుల వెనక బొగ్గు నలుపు పోయేది కాదు, అది చూసి అత్తమ్మ "పెండ్లినాడు గూడ గిట్లనే ఉన్నడు" అని నన్ను వెక్కిరించేది. అప్పుడు పుస్తకం బయటికి వచ్చేది.

అది పుస్తకమని మేం అనుకోవడమే. మా మామగారు ఏనాడో వారం వారం పత్రిక కొని, అందులో వచ్చే సీరియల్ కాగితాలు కత్తిరించి దాచారు. ఆయన పోయాక అత్తమ్మ వాటిని బైండు చేయించి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఆమెకు చదువు రాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, చీరలు సర్దుతుంటే దొరికింది. ఆనాటి నుంచి ఆదివారం మా ఆయన పైకి చదవడం, అత్తమ్మ గోడకానుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ వినడం, నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చోవడం. కథ గొప్పదేమీ కాదు. తప్పిపోయిన ఇంటి కోడలు చాలా ఏళ్లకు తిరిగొచ్చి 'నేనే' అంటుంది, ఇంటిల్లిపాదీ 'కాదు' అంటారు. ఆమేనా కాదా అన్నది చివరి భాగం దాకా తేలదు. అక్కడి దాకా రావడానికి నాలుగైదు ఆదివారాలు పట్టేవి. మళ్లీ మొదటి నుంచి. బద్ధకంగా ఉండి మా ఆయన ఒక పేరా దాటేస్తే, అత్తమ్మ చేట మీద నుంచి తలెత్తకుండానే "ఆమె నీళ్ల బాయికాడ ఏడ్సింది యాడికి పోయింది?" అని అడిగేది.

మొదటిసారి చివరి భాగం దగ్గరికి రాగానే అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది. "అది సదవొద్దు" అంది. మా ఆయన నీళ్లకని లోపలికి పోయినప్పుడు నాకు గొంతు తగ్గించి చెప్పింది. "మీ మామ ఆఖరిది సదివి, తెల్లారి బాయి దిగిండు. మల్ల ఎక్కలె. నా కొడుకుతోని అది అయిపోగొట్టనియ్యకు. ఏదో ఒకటి మిగిలుంటే మనిషి తిరిగొస్తడు." నాకు నవ్వొచ్చింది. శకునాలు నమ్మొద్దని పాస్టరయ్య చెప్తాడు కదా అన్నాను. "ఇది శకునం గాదు, జాగర్త" అంది. నవ్వు ఆ ఒక్కరోజే. తర్వాత ఆమెకంటే నేనే పట్టుదలగా ఆ పేజీలకు కాపలా ఉన్నాను. కొన్నాళ్లకు మా ఆయనకూ చెప్పేశాను. ఒక్కటి మాత్రం నిజం, అప్పటి నుంచి అన్నం తినగలిగాను. ఆయన షిఫ్టులో ఉన్నంతసేపూ, చివరి భాగం మిగిలే ఉంది కదా అనుకుంటూ పనులు చేసుకునేదాన్ని.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఆదివారం, చివరి భాగం దగ్గర నేను పుస్తకం అందుకోబోతుంటే మా ఆయన ఇవ్వలేదు. లేచి కూర్చున్నారు. "ఇయ్యాల అయిపోగొడ్త" అన్నారు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "కింద బండ చప్పుడైతే చాలు, గీ పేజీలే యాదికొస్తున్నయ్. మొన్న చేతిలకెల్లి పార జారిపోయింది. మీ భయమంత నేను మోస్కొని దిగుతున్న. ఇగ నాతోని గాదు." అత్తమ్మ చేట కింద పెట్టింది. వద్దంటుందేమోనని చూశాను. "సదువు" అంది. ఆయన చదివారు. తిరిగొచ్చినామె అసలు కోడలేనని తేలుతుంది, అందరూ ఏడుస్తారు, తలుపు తీస్తారు. అంతే. తనకు తెలిసిన కథే అయినా అత్తమ్మ కళ్లార్పకుండా కొత్తగా విన్నట్టు వింది. చివరికి "గంతేనా?" అంది. మా ఆయన పకపకా నవ్వారు. నేను లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చుని భయంతో ఏడ్చాను.

మర్నాడు ఆయనది పొద్దుటి షిఫ్టు. ఈల వేసుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి అడవి మీద నుంచి గాలివాన దిగింది. చెట్లు విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. షిఫ్టు అయిపోయే వేళయింది, ఎవరూ రాలేదు. తర్వాత ఒక్కొక్క క్వార్టర్ తలుపూ తెరుచుకుంది. పంపులు ఆగినయట, లోపలికి నీళ్లొస్తున్నయట అని ఎవరో అన్నారు. గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తాను. బాయి గేటు దగ్గర అప్పటికే ఆడవాళ్లు యూరియా సంచులు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. గేటు దగ్గరి క్లర్కు "ఎప్పుడొచ్చే తోవల నీళ్లు నిలిచినయి, వేరే తోవల నడిపిచ్చుకొస్తున్రు" అన్నాడు. ఎంతసేపు అని అడిగేలోపే లోపలికి పోయాడు.

అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. నేను ఆమె చేయి పట్టుకుని, "నిన్న అయిపోగొట్టారు అత్తమ్మా, నేను ఆపలేకపోయాను" అన్నాను. ఆమె గేటు వైపే చూస్తూ అంది.

"పుస్తకంతోని ఏం గాదు బిడ్డా. మీ మామ ఆఖరిది సదవనే లేదు."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఆ వారం పత్రిక తెచ్చి, ఆదివారం సదివి ఇనిపిస్త అని గూట్ల పెట్టి పోయిండు. ఎవ్వలు సదవకుండనే బైండుల కలిపిచ్చిన. నేనూ నిన్ననే ఇన్న."

"మరి నాకెందుకు అలా చెప్పారు?"

"వచ్చిన కొత్తల నువ్వు అన్నం తినకపోతివి. ఊకె తలుపుకాడ నిలవడితివి. ఉత్త భయం మోసుడు కష్టం. దానికో పని జెప్పాలె. నా తాన ఇంకేమున్నది చెప్పనీకి?"

ఆ మాటతో నా తప్పు పోయింది. దాంతోపాటు ఇన్నేళ్లూ నేను పట్టుకుని వేలాడిన కొమ్మా పోయింది. కథ మిగిల్చి పోయిన మనిషి కూడా రాలేదంటే, ఇక ఏం మిగిల్చి ఎవరిని రప్పించుకోవాలి? ఆ వానలో, ఆ గేటు ముందు, నా జీవితంలో మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా భయపడ్డాను. ఆమె ఎప్పటి నుంచి ఇలా నిలబడి ఉందో అప్పుడు తెలిసింది.

చీకటి పడబోతుండగా వచ్చారు. నడుముల దాకా బురద, వరసగా, తల మీద దీపాలతో. నల్లటి మొహాలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎవరి మనిషిని వాళ్లు పోల్చుకోవడానికి దగ్గరికి పోయి చూడాల్సి వచ్చింది. మా ఆయన మమ్మల్ని చూసి "గీ వానల ఎందుకొచ్చిన్రు?" అని కోప్పడ్డారు. అత్తమ్మ ఆయన మొహం మీది బురదను కొంగుతో తుడిచి, ఆయనేనని చూసుకుని, ఇంటి దారి పట్టింది. ఆ రోజు బాయి దిగినవాళ్లందరూ ఎక్కారు.

తర్వాతి ఆదివారం ఆయన మళ్లీ మొదటి పేజీ తీశారు. అందరికీ తెలిసిపోయిన కథ, అయినా ఎవరం మానమనలేదు. కొన్ని వారాలకు చివరి భాగం దగ్గరికి వచ్చారు. ఇక అడ్డేముంది అన్నట్టు పేజీ తిప్పబోతుంటే నేను లేచి, ఆయన చేతిలో నుంచి పుస్తకం తీసుకుని మూసేశాను. నిజం తెలిసీ మూసేశాను. అత్తమ్మ నావైపు చూసి, కొంచెం జరిగి, గోడ దగ్గర తన పక్కన నాకు చోటిచ్చింది.

ఆమె పోయి చాలా కాలమైంది. మా ఆయన బాయి పని మానేసీ చాలా కాలమైంది, ఇప్పుడు మాకు రోజూ ఆదివారమే. కాలం భయాన్ని పోగొడుతుందంటారు. నా భయానికి మాత్రం అది షిఫ్టు మార్చింది, అంతే.