పసుపు బొట్టు పెట్టిన నోటీసు

పోయిన మంగళవారం పొద్దున మా వకీలమ్మ గారు కన్నుమూశారని ఆమె జూనియర్ ఫోన్ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నా చీరల దుకాణం షట్టర్ అప్పుడే సగం ఎత్తాను. అలాగే దించేసి ఎల్‌బీ నగర్‌లో ఆమె ఇంటికి పరుగెత్తాను. నాకు ఏడుపు ఓ పట్టాన రాదు. గుమ్మంలో ఆమె కోర్టు చెప్పులు చూసేసరికి ఆగలేదు.

రెండేళ్ల కిందట మీర్‌పేట్‌లోని మా ఇంటిపై ఇంకో అంతస్తుకు దరఖాస్తు పెట్టాం. పోచంపల్లి నుంచి తెచ్చిన అమ్మ మగ్గం, ఏ భాగానికా భాగం విప్పేసి మెట్ల కింద పడి ఉంది. పైన గది పడితే దాన్ని మళ్లీ నిలబెట్టాలని ఆమె ఆశ. ఇంతలో మున్సిపల్ ఆఫీసు సీలుతో ఓ కవరు వచ్చింది. పర్మిషనే అనుకుని అమ్మ పసుపు బొట్టు పెట్టి, మంచిరోజు చూసి విప్పుదామని దేవుడి పటం వెనక దాచింది. ఆషాఢం పోయింది, మూఢం వచ్చింది. చదువుకున్నవాణ్ణి, నేనూ తలూపాను. తీరా విప్పితే, లేఅవుట్ వేసినప్పుడే కట్టేసిన అభివృద్ధి రుసుమును మళ్లీ కట్టమని నోటీసు. కట్టకపోతే అంతస్తు లేదు. అప్పీలు గడువు అప్పటికే దాటిపోయింది.

"ఆలస్యానికి రోజురోజుకీ సంజాయిషీ ఇవ్వాలి," అన్నారు వకీలమ్మ గారు.

"జరమొచ్చి పన్న అని రాయుండ్రి మేడం. దవాఖాన చిట్టీ నేను తెస్త."

ఆమె కళ్లజోడు పైనుంచి చూశారు. "మంచం పట్టినవాడివి చీరలెలా అమ్మావయ్యా? ఈ కట్టుకున్నది ఆ నెల్లో నీ కొట్లో కొన్నదేగా! అబద్ధం రాస్తే కేసు అయ్యేదాకా మోయాలి. జరిగింది చెప్పు."

చెప్పాను. ఆమె ఉన్నదున్నట్టు రాసి, పసుపు అంటిన కవరుకు పంచాంగం పేజీలు జతచేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోర్టులో అవతలి వకీలు నవ్వాడు. జడ్జి గారు మాత్రం కవరు తిప్పి చూసి, "మూఢం ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగారు. ఈమె తడుముకోకుండా తేదీ చెప్పారు. జడ్జి గారు ఆలస్యాన్ని మన్నించి, కేసు విన్నారు.

ఏ ఉత్తరం వచ్చినా విప్పే ముందు మూలన ఎర్ర పెన్నుతో తేదీ వేయడం ఆమె అలవాటు. తీర్పు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఓసారి మా ఇంటికొచ్చి, అమ్మ చేతికి అలాంటి పెన్నొకటి ఇచ్చారు. "ముందు తేదీ వేయించి విప్పించండి వదినగారూ. తర్వాత ఎన్ని బొట్లయినా పెట్టుకోండి," అన్నారు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

నిన్న పోస్టులో కవరొచ్చింది. అమ్మ పసుపు గిన్నెతో వచ్చి, చటుక్కున ఆగి, ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టింది.

"ముందుగాల తేది ఎయ్యి బిడ్డా. ఇప్పి సదువు."

రెండోసారి అడిగిన రుసుము కొట్టేశారు. చదివి వినిపించాను. అమ్మ ఆ తేదీ పక్కన బొట్టు పెట్టింది.

"గా తల్లికి సూపెడ్తె ఎంత బాగుండె," అంటూ కళ్లు ఒత్తుకుంది. తర్వాత మెట్ల కింద కూర్చుని, కొంగుతో మగ్గం కర్రల దుమ్ము ఒక్కొక్కటిగా తుడవడం మొదలుపెట్టింది.