రంగం మామ్మ తాటాకుల ఇల్లు

భోగాపురం దగ్గర మా పల్లెలో ఎండుచేపలమ్మే ఆవిడను అందరూ రంగం మామ్మ అనేవాళ్లు. రంగం అంటే రంగూన్. అక్కడి ఓడరేవులో వాళ్ల నాన్న మూటలు మోసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి రేవు తగలబడితే, పిల్లగా ఉన్న ఆమెను భుజాన వేసుకుని అడవుల వెంట నడిచి వచ్చేశాడట.

పల్లెంతా స్లాబు ఇళ్లు లేచినా ఆమెది తాటాకుల ఇల్లే. ఎవరడిగినా ఒకటే మాట: "నాల్రోజులుండి పోయేవోళ్లకి సిమెంటెందుకు?"

ఆ ఏడాది తుఫానుకు కప్పు కాస్తా ఎగిరిపోయింది. ప్రభుత్వం ఇల్లిస్తుందని చెప్పడానికి వెళ్లాను. వద్దంది.

"రేవు బాగయ్యాక కబురెడతానన్నాడు కూలీల మేస్త్రి. మా అయ్య సూసి సూసి పోనాడు. కబురొచ్చేసరికి నానైనా ఉండాల కదా."

ఫోనులో ఇప్పటి రంగూన్ రేవు చూపించాను. ఓడలు, క్రేన్లు, దీపాలు. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు బాగైనాది?"

"శానా ఏళ్లయింది మామ్మా."

నేను చెప్పింది మంచి మాటో, చెప్పకూడని మాటో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె ఫోను తిరిగిచ్చి, గాలికి చెదిరిన తాటాకులు ఏరుకుంటూ మెల్లగా అడిగింది:

"మరి మమ్మల్ని పిలవనేదేటి?"