దిబ్బ ఖాళీగా ఉండకూడదు

మా మేనత్త పోయిన కబురు ఆమె కోడలు ఫోనులో చెప్పింది. ఆ కోడలిని నేను అక్కా అని పిలుస్తాను. "తెల్లారేసరికి అత్త పోయినాది పాపా" అని కాసేపు ఏడ్చి, ఇంకో మాట అన్నది. "వచ్చేటప్పుడు దిబ్బ మీదుగా రా. ఆడ ఎవరన్నా తిరగతా ఉండారేమో చూసుకుంటా రా." చావు కబురు చెబుతూ ఎవరైనా ఇలాంటి మాట అంటారా అని మీకు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. నెల్లూరులో మైపాడు బస్సెక్కి కూర్చున్నాక నా గుండె కొట్టుకున్నది కూడా సగం అత్త కోసం, సగం ఆ దిబ్బ కోసమే.

మాది మైపాడుకు అవతల, ఒడ్డునే ఉన్న పాలెం. ఇళ్లకూ అలలకూ మధ్య కాస్త ఎత్తుగా పరుచుకుని ఉన్న ఇసక నేలను మేం దిబ్బ అంటాం. అది ఏ ఒక్కరి పేరునా లేదు, ఊరందరిదీ. మగవాళ్లు తెచ్చిన చేపల్లో అమ్ముడుపోనివి ఆడవాళ్లు అక్కడే ఎండబెడతారు. దిబ్బ లేకపోతే వ్యాపారి అడిగిన ధరకే ఇచ్చేసి చేతులు దులుపుకోవాలి. దిబ్బ ఉంది కాబట్టి "పోవయ్యా, మేం ఎండబెట్టుకుంటాం" అనగలరు. మా అత్త ఆ మాట ఎంత దర్జాగా అనేదో! అమ్మ లేని నన్ను తెచ్చుకుని పెంచి, సావిళ్లనే పొడుగు చేపలు ఎండబెట్టి అమ్మి పాలిటెక్నిక్ దాకా చదివించింది ఆవిడే. నెత్తళ్లు ఎండాయో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించేది. ఆఫీసుకు ఎండుచేపల కూర తీసుకెళ్లనని నేను మొరాయిస్తే, "వాసన రాని తిండి తిని ఏం బాగుపడినావు మే, ఎముకలు తేలినాయి" అని దెప్పేది.

నేను నెల్లూరులో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అడిగేది వంటగది ఎటు రావాలని కాదు, తమ స్థలం మాస్టర్ ప్లానులో ఏ రంగులో పడిందని. పసుపైతే ఇల్లు కట్టుకోవచ్చు. ఆకుపచ్చైతే సేద్యమే, కట్టడానికి అనుమతి రాదు. కోవూరు వైపు కళ్లారా చూశాను. నేల అదే, నీళ్లూ అవే, కాగితం మీద ఆకుపచ్చ పోయి పసుపు పడింది, అంతే. నారు నాటాల్సిన మడిలో హద్దురాళ్లు నాటారు. పక్కవాడు ప్లాట్లు వేస్తే సేద్యం చేసేవాడి కాలవ పూడుతుంది, కాలవ పూడాక అతనూ అమ్ముకుంటాడు. ఇదంతా ఒకసారి అత్తకు చెప్పాను. ఆవిడ చేపలు తిరగేస్తూనే విని, "అయితే రంగు ముందు పడుద్ది, గోడ తరవాత లేస్తాది" అన్నది. అప్పటికి అది మా ఊరి సంగతి కాదు కాబట్టి ఇద్దరం నవ్వుకున్నాం.

తరవాత మా వైపుకూ మాస్టర్ ప్లాను వేస్తూ, ఎక్కడ ఏ నేలను దేనికి వాడుతున్నారో రాసుకోవడానికి పాలెం కూడా వస్తామని పట్నం నుంచి కబురు వచ్చింది. ఆ వేళ దిబ్బ నిండా సావిళ్లు ఉన్నాయట. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు, కంపుకు ముక్కు మూసుకుంటే మనకేం మర్యాద అని ఆడవాళ్లంతా సగం ఎండిన చేపల్ని ఎత్తి ఇళ్లల్లో పెట్టారు. వలలు మడిచారు. దిబ్బను ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు కూడా వేశారు. ముందుండి అంతా చేయించింది మా అత్తే. వచ్చినవాళ్లు కొబ్బరినీళ్లు తాగి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా" అని మెచ్చుకుని వెళ్లారు. కొన్నాళ్లకు ముసాయిదా ప్లాను బయటికి వచ్చింది. మా దిబ్బకు పర్యాటకానికి వేసే నారింజ రంగు పడింది. ప్రస్తుతం దేనికి వాడుతున్నారు అన్న చోట 'ఖాళీ' అని ఉంది.

ఆ మాట ఆవిడకు చదివి వినిపించింది నేనే. "ఖాళీనా?" అని అడిగి, ముగ్గు వేసిన తన చేతిని చీరకు తుడుచుకుంది. ఆ రోజు పట్టుకున్న భయం ఆవిడను మళ్లీ వదల్లేదు.

అప్పటినుంచి దిబ్బ ఖాళీగా ఉండకూడదు. వేట నిషేధం నెలల్లో ఒక్క చేప ఉండదు కదా, అప్పుడు చిరిగిన పాత వలలు తెచ్చి పరిచేది. వాన పడితే టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టేది. ఒకసారి ఊళ్లో పెళ్లికి ఫొటోవాళ్లు డ్రోన్ ఎగరేశారు. పందిట్లో అన్నం తింటున్న మనిషి ఎంగిలి చేత్తోనే లేచి పరుగెత్తింది. వెళ్లి చూస్తే దిబ్బ మధ్యలో బుట్టలు బోర్లించుకుంటూ పైకి చూస్తోంది. పెళ్లి ఫొటోలకత్తా అని ఎంత చెప్పినా వినదే. "పైనుంచి చూసేవానికి ఏం తెలుస్తాది మే? చేప లేకపోతే ఖాళీ అంటాడు" అన్నది. ఆ రోజు నవ్వాను. తరవాత మా ఆఫీసు కంప్యూటర్లో ఎవరి మ్యాపులోనైనా నారింజ రంగు కనబడితే అది మా దిబ్బేమోనని ముందు ఊరి పేరు చూసుకునేదాన్ని.

ఆవిడను వెంటబెట్టుకుని ఆ ప్లాను వేసే ఆఫీసుకూ వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్థుడే. కుర్చీ వేయించి, "అభ్యంతరం రాసిచ్చారు కదమ్మా, చూస్తాం" అన్నాడు. మెట్లు దిగుతూ అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూస్తామంటేనే నాకు భయం పాపా. ఒకసారి చూసే కదా ఖాళీ అని రాసుకున్నారు."

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా దిబ్బకు ఉత్తరాన ఉన్న సరుగుడు తోట చేతులు మారింది. ప్లాను ఖాయం కాకముందే చెట్లు కొట్టేశారు, గోడ లేచింది. తోటలోంచి ఒడ్డుకు పోయే దారి మూసేసి వాచ్‌మన్‌ను పెట్టారు. గోడ దిబ్బ అంచు దాకా వచ్చి ఆగింది. దిబ్బ ఖాళీ అయ్యేదాకా ఆగిందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మంచాన పడ్డాక కూడా పలకరించడానికి వెళ్లినవాళ్లను ఆవిడ అడిగేది ఒకటే, దిబ్బ మీద ఏముండాది అని. చివరిసారి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి రమ్మని మెల్లగా చెప్పింది. "చావంటే భయం లేదు మే. పాలెంలో మనిషి పోతే ఆ రోజు ఎవరూ వేటకు పోరు, ఏదీ ఎండబెట్టరు. అదీ నా భయం." అట్లా మాట్లాడొద్దు అత్తా అన్నాను.

ఆవిడ చెప్పినట్టే అయింది. ఆ రోజు నేను దిబ్బ మీదుగా వచ్చేసరికి కొత్తవాళ్లెవరూ లేరు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆచారం ప్రకారం దిబ్బ మీద ఉన్నవన్నీ, పాత వలలతో సహా ఎత్తేశారు. మగవాళ్లు పాడె మోసుకుని వెళ్లాక ఆడవాళ్లం బోరింగు దగ్గర తల మీద నీళ్లు పోసుకుని తడి బట్టలతో తిరిగి వస్తున్నాం. అప్పుడు చూశాం, గోడ పక్కన తెల్లకారు ఒకటి ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి, లోపల ఎవరో తెలియడం లేదు. ఇంజను మాత్రం ఆపలేదు.

అందరం నిలబడిపోయాం. చావు స్నానం చేశాక ఆ రోజు చేపను, వలను ముట్టుకోకూడదు, పరచడానికి ఇంకేముంది? అక్క నీళ్లు కారుతున్న జుట్టు ముడి వేసుకుని దిబ్బ మీదికి నడిచి, మధ్యలో కూర్చుంది. "రండి" అన్నది మా వైపు తిరిగి. "ఒకచోట కాదు, ఎడంగా కూర్చోండి."

వెళ్లి కూర్చున్నాం. ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ, నేనూ, ఒకరి చెయ్యి ఒకరికి అందనంత దూరంగా, దిబ్బ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఏడవడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎండ ఎక్కింది, తడి చీరలు ఒంటి మీదే ఆరిపోయాయి, అయినా ఆ కారు కదల్లేదు, మాలో ఒక్కరూ లేవలేదు.