మగ్గాల మోత

2020లో లాక్‌డౌన్ వచ్చి సూరత్‌లో మా వీధి మరమగ్గాలన్నీ ఆగిపోయినప్పుడు, పక్కింటి గోడగడియారం చప్పుడు కూడా మా ఇంట్లోకి వినిపించింది. నాయిన గుర్తొచ్చాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మగ్గాల కార్ఖానా నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్న నాయినను వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. నేనంటే ఇష్టం లేదనుకుని పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

“నాయిన మీద అలిగినవా ఏందే?” అంది అమ్మ.

“పిలిస్తే పలకడు. నేనెందుకు పలకాలె?”

“పిచ్చిదానా, మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయినయ్. ఈడ అందరికీ గంతే.”

పొగనూ మురికినీళ్లనూ కాలుష్యం అన్నవాళ్లు కూడా ఆ మోతను మాత్రం పని అన్నారు. నా పదకొండు రోజుల అలక నాయినకు తెలియనే లేదు.