నైరుతి మూలలో దిబ్బ

అల్ఫారెట్టాలో ఇల్లు కట్టుకోవడానికి మేం చూసిన స్థలాలన్నిటిలో నా భార్యకు నచ్చింది ఒక్కటే. తూర్పు ముఖం, వెనక పెద్ద చెట్లు, నైరుతి మూలలో గడ్డి పట్టిన దిబ్బ. వాస్తు ప్రకారం ఆ మూల ఎత్తుగా ఉండాలి. ఆమె చెప్పులతోనే దిబ్బ ఎక్కి, వంటగది ఎటు వస్తుందో చేత్తో చూపించింది.

"నైరుతిల దేవుడే గుట్ట పోసి పెట్టిండు వదినా! ఇంకేం గావాలె?" అన్నాడు మా ఏజెంట్. ఆయనది కరీంనగర్.

"బిల్డర్ చదును చేస్తానన్నాడట కదా?" అని ఆమె అడిగింది.

"మీరు తీస్కుంటే ఉంచుతడు. లేకుంటే వచ్చే వారం బుల్డోజర్ దిగుతది."

కంచె ఎక్కడ వేయాలో చూద్దామని నేను టేపు పట్టాను. దిబ్బ ఉత్తర దక్షిణాలకు నలభై అడుగులు, తూర్పు పడమరలకూ నలభై. లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవి, అందుకని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. మళ్లీ కొలిచాను. జానెడు కూడా తేడా రాలేదు. వాననీటికి ఏర్పడిన గుట్ట ఇంత గుండ్రంగా ఉండదు. పక్కన ఏదో జంతువు తవ్విన బొరియలో ఎర్రమట్టి, నల్లమట్టి ముద్దలు ముద్దలుగా కలిసి కనిపించాయి, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి పోసినట్టు. ఎత్తు ఐదడుగులు. మనిషి మోయగల గంపలతో పోస్తే నాలుగు వేలకు పైనే పడతాయి. తెల్లవాళ్లు రాకముందు ఈ ప్రాంతంలో ఉన్న తెగలు చనిపోయినవారి మీద ఇలా మట్టి పోసేవని ఒక పార్కు బోర్డు మీద చదివాను.

తిరిగి వస్తూ కారులో ఆమెకు చెప్పాను.

"అంటే సమాధా?"

"ఖచ్చితంగా చెప్పలేను. మనుషులు పోసిన మట్టి, అంతవరకు నిజం."

ఇంటికి వచ్చాక ఆమె లోపలికి రాలేదు. గరాజ్ ముందు చెప్పులు వదిలి, తోటకు నీళ్లు పట్టే పైపుతో కాళ్లు కడుక్కుంది.

"టవల్ ఇక్కడికే తెండి. తలకు పోసుకున్నాకే దేన్నైనా ముట్టుకుంటాను. మీరూ పోసుకోవాలి."

తెచ్చి ఇచ్చాను.

"వేరే స్థలం చూడమని ఏజెంట్‌కు చెప్పండి," అంది. "అది రేపైనా పర్లేదు. దిబ్బ సంగతి మాత్రం ఇవాళే చెప్పండి, ఎవరికి చెప్పాలో వాళ్లకి. మనం వద్దంటే తవ్వేస్తారు కదా."

గరాజ్‌లోనే నిలబడి, పాత కట్టడాలు చూసే రాష్ట్ర ఆఫీసు నంబర్ వెతికి ఫోన్ చేశాను. ఎత్తినావిడ ముందు అడిగింది కొలతలే. చెప్పాను.